మే నెలలో రామేశ్వరం దీవికి ఏడుగురం: ఎవరికి ఏది, ఎన్ని రోజులు?

బందరు కోడలు | ఏప్రిల్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. పిల్లలకు ఈ నెలాఖరున సెలవులు ఇస్తారు. మే మొదటి వారంలో రామేశ్వరం వెళ్దామని ఇంట్లో అనుకున్నాం. ఊరైతే తేలింది గానీ మిగతావేవీ తేలలేదు.

మేం ఏడుగురం. అత్తయ్యగారికి 71 ఏళ్ళు, రెండు మోకాళ్ళూ అరిగాయి. ఇరవైరెండు తీర్థాల స్నానం చేయాలని, మామయ్యగారికి అక్కడ మావారి చేత తర్పణం వదిలించాలని ఆవిడ చాలా ఏళ్ళుగా అనుకుంటున్నారు. మా పెద్దాడికి 14. పాంబన్ కొత్త వంతెన మీద రైల్లో వెళ్ళాలంటాడు. చిన్నదానికి 7, దానికి నీళ్ళలో ఆట తప్ప ఇంకేమీ అక్కర్లేదు. డల్లాస్ నుంచి మా మరిది, తోడికోడలు వస్తున్నారు. పెళ్ళయి ఏడాదే, జనం లేని సముద్రం ఒడ్డు కావాలంటున్నారు. మావారికి చేపలు. నాకు మాత్రం ఒక్క పూటైనా ఎవరినీ లేపకుండా, ఎవరికీ వడ్డించకుండా సముద్రం చూస్తూ కూర్చోవాలని ఉంది.

అత్తయ్యగారు విమానం ఎక్కనన్నారు. బయల్దేరేది విజయవాడ నుంచి. ఎండ తట్టుకోగలమా? ఎన్ని రాత్రులు ఉండాలి? వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి.

వరంగల్ బుల్లెట్ | ఏప్రిల్ 3, రాత్రి 10:15

అక్కా, మే నెలల వద్దనే చెప్త. మేం నలుగురం బండ్ల మీద పోయినం, మే 20 అట్ల. పొద్దున పదకొండింటికి దీవి చివరనున్న ధనుష్కోటిల దిగితే ఇసుక మీద కాలు పెట్టనీకి రాలే. నీడ అన్నదే లేదు. మా దోస్తుకు కళ్ళు తిరిగి కింద కూసున్నడు. ముసలామెను, చిన్నపిల్లను తీస్కొని ఆ టైంకి పోతే చాలా కష్టమైతది. డిసెంబర్ల పోండి, లేకపోతే అండమాన్ చూస్కోండి.

చెన్నై తెలుగు | ఏప్రిల్ 3, రాత్రి 11:02

బుల్లెట్ అన్న చెప్పింది నిజమే. కానీ తప్పు నెలది కాదు, పదకొండు గంటలది.

నేను చెన్నైలో పుట్టి పెరిగినవాణ్ణి. మా ఇంట్లో ఏడాదికోసారి రామేశ్వరం వెళ్తాం, అందులో మూడుసార్లు మే నెలలోనే. మన రామగుండం, రెంటచింతలలో 45 దాటే రోజుల్లో కూడా అక్కడ 36 చుట్టుపక్కలే ఉంటుంది. చుట్టూ సముద్రం కాబట్టి గాలి ఆగదు. ఉక్కపోత మాత్రం గట్టిగా ఉంటుంది, చెమట ఆరదు. ఎండలు మండే రోజుల్ని మన పంచాంగాల్లో కర్తరి అంటారే, అరవంలో దాన్నే కత్తిరి అంటారు. మే 4కి మొదలై 28 దాకా నడుస్తుంది. కుదిరితే 4వ తేదీకి ముందే వెళ్ళిపోండి. కుదరకపోయినా భయపడాల్సిన పని లేదు.

వానల గొడవ ఉండదు. ఆ ప్రాంతానికి వానలు ముఖ్యంగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. ధనుష్కోటిని ముంచిన తుపాను కూడా డిసెంబరులో వచ్చిందే. కాబట్టి "డిసెంబరే మేలు" అన్న మాట ఒప్పుకోలేను. జూన్ నుంచి నైరుతి గాలి మరీ పెరిగి ఇసుక కళ్ళలో కొడుతుంది.

అక్కడ రోజును ఎండ చెప్పినట్టు నడపాలి. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవండి. పదింటికల్లా బయటి పనులన్నీ ముగించి గదికి చేరండి. భోజనం, నిద్ర. మళ్ళీ నాలుగున్నరకు బయటపడండి. గుడి కూడా మధ్యాహ్నం ఒంటిగంటకు మూసి మూడింటికి తెరుస్తారు, కాబట్టి మీరు పోగొట్టుకునేది ఏమీ లేదు. ఇలా నడవాలంటే మూడు రాత్రులు కావాలి. మనవాళ్ళు చాలామంది మదురైలో పొద్దున కారెక్కి, మధ్యాహ్నానికి దిగి, సాయంత్రం దర్శనం చేసుకుని, రాత్రికి మళ్ళీ మదురై చేరుకుంటారు. అంత దూరం వెళ్ళి కూడా దీవిని చూసినట్టు కాదు అది.

ఇంకో మాట. ఏడుగురూ అన్నిచోట్లకీ కలిసి వెళ్ళాలన్న పట్టుదల పెట్టుకోకండి. మోకాళ్ళ నొప్పులావిడకీ ఏడేళ్ళ పిల్లకీ ఒకే కార్యక్రమం పెడితే ఇద్దరూ ఏడుస్తారు.

గుంతకల్లు గార్డు | ఏప్రిల్ 4, ఉదయం 6:20

అమ్మా, రైలు సంగతి నేను చెబుతాను. ముప్పైనాలుగేళ్ళు రైల్వేలో చేసి దిగినవాణ్ణి.

భువనేశ్వర్ నుంచి రామేశ్వరం వెళ్ళే బండి విజయవాడ మీదుగానే వెళుతుంది, కానీ వారానికి ఒక్కసారే. మీ తేదీలకు కుదిరితే అదే సుఖం, సామాను ఒక్కసారి ఎక్కిస్తే చాలు. తిరుపతి నుంచి కూడా నేరుగా రామేశ్వరానికి ఎక్స్‌ప్రెస్ ఉంది, అదీ రోజూ ఉండదు. ఏదీ కుదరకపోతే చెన్నై చేరి, రాత్రి బండిలో మదురైకి వెళ్ళి, మీనాక్షి అమ్మవారిని చూసుకుని, ఒక రాత్రి అక్కడ నిద్ర చేసి, మర్నాడు ఉదయం ప్యాసింజరు ఎక్కండి. మదురై నుంచి నాలుగు గంటల లోపు ప్రయాణం. మీ అబ్బాయి కోసం నేనైతే ఇదే చేస్తాను. రాత్రి బండ్లలో వెళితే వంతెన చీకట్లోనే దాటిపోవచ్చు. పగటి బండిలో కిటికీ దగ్గర కూర్చుంటే రెండు వైపులా నీళ్ళు, మధ్యలో బండి చప్పుడు, అంతే.

బాబుకు చెప్పండి. పాత వంతెన 1914లో తెరిచారు. పడవలు వచ్చినప్పుడు మధ్య భాగం రెండు రెక్కల్లా విడిపోయి లేచేది. మనుషులే లివర్లు తిప్పి లేపేవారు. 2022 డిసెంబరులో దాని మీద బండ్లు ఆపేశారు. ఆ తర్వాత రెండేళ్ళకు పైగా రైళ్ళు ఇవతలి ఒడ్డునే ఆగిపోయేవి. కొత్త వంతెన 2025 ఏప్రిల్ 6న, శ్రీరామనవమి నాడు మొదలైంది. ఇది విడిపోదు. 72.5 మీటర్ల ముక్క లిఫ్టులాగా నిలువుగా 17 మీటర్లు పైకి వెళుతుంది. అయితే పడవ వచ్చినప్పుడే లేపుతారు, చూడవచ్చినవాళ్ళ కోసం వేళ ఏమీ ఉండదు. ఈ సంగతి వాడికి ముందే చెప్పి తీసుకెళ్ళండి, అక్కడ నిరాశపడకుండా.

గాలి ఎక్కువైతే వంతెన మీదికి బండిని వదలరు. పాత వంతెన మీద గంటకు 58 కిలోమీటర్లు దాటితే ఆపేసేవాళ్ళం. అందుకని తిరుగు ప్రయాణంలో చెన్నై బండికీ దీనికీ మధ్య కనీసం అయిదారు గంటలు ఉంచుకోండి.

కాకినాడ కుర్రాడు | ఏప్రిల్ 4, ఉదయం 8:05

గార్డుగారూ, పాత వంతెన గురించి ఒక ముక్క కలుపుతానండి. 1964 డిసెంబరు 22 రాత్రి తుపానులో ఆ వంతెన గర్డర్లు, అంటే ఇనప దూలాలు, 126 కొట్టుకుపోయాయి. దాన్ని 46 రోజుల్లో నిలబెట్టిన ఇంజినీరు శ్రీధరన్ గారు. తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టించింది కూడా ఆయనే. ఆయన ఇంజినీరింగ్ చదివింది మా కాకినాడలోనే. నేనూ అదే కాలేజీలో చదివాను. మొదటి ఏడాది సార్ ఈ సంగతి చెప్పినప్పటినుంచి ఆ వంతెన చూడాలని ఉండేది. పోయినేడు చూశాను. పాత ఇనప దూలాల మీద ఉప్పుకి పొరలు పొరలుగా లేచిన తుప్పు చూస్తుంటే, దాన్ని అన్నేళ్ళు కాపాడినవాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

రోడ్డు వంతెన మీద కార్లు ఆపితే పోలీసులు కదలమంటారండి. పాంబన్ ఊళ్ళోకి దిగి, కింద పడవల రేవు దగ్గర్నుంచి చూడండి. రోడ్డు వంతెన, రైలు వంతెన పక్కపక్కనే కనపడతాయి.

బందరు కోడలు | ఏప్రిల్ 4, మధ్యాహ్నం 2:30

గార్డుగారూ, మీ పోస్టు మావాడు మూడుసార్లు చదివాడు. తేదీలు చూసుకుంటే ఆ వారానికోసారి బండి కుదరలేదు. మదురై మీదుగానే వెళ్తాం.

ఇక అత్తయ్యగారి సంగతి. ఇరవైరెండు తీర్థాలు ఆవిడ చేయగలరా? ఎవరైనా పెద్దవాళ్ళను తీసుకెళ్ళినవాళ్ళు ఉన్నారా?

కోనసీమ గోదావరి | ఏప్రిల్ 4, సాయంత్రం 5:10

అమ్మాయ్, మా అమ్మని 76వ ఏట తీసుకెళ్ళాను. అందుకని వివరంగా రాస్తాను.

ముందు గుడికి ఎదురుగా తూర్పున అగ్నితీర్థం, అంటే సముద్రమే. అక్కడ స్నానం చేసి, ఆ తడిబట్టలతోనే లోపలికెళ్ళి, ఇరవైరెండు బావుల దగ్గర వరసగా నీళ్ళు పోయించుకోవాలి. మహాలక్ష్మి తీర్థంతో మొదలై కోటితీర్థంతో పూర్తి. ఒక్కో బావి గట్టు మీద ఒక మనిషి నిలబడి తాడు కట్టిన చిన్న బకెట్‌తో తోడి తల మీద పోస్తాడు. మెడ మీద దభీమని పడతాయి నీళ్ళు. ఒక బావి నీళ్ళు కాస్త వెచ్చగా, పక్కదానివి చల్లగా. రుచులు కూడా వేరువేరు. నల, నీల, గవయ అని వానరుల పేర్లున్న తీర్థాలున్నాయి, పిల్లలకి ఆ పేర్లు చెబుతూ తిప్పితే వాళ్ళు అలసిపోరు.

కష్టం ఎక్కడంటే నేల. అంతా రాయి, ఎప్పుడూ తడి, పైగా చెప్పుల్లేని కాళ్ళు. గడపలు ఎక్కి దిగాలి. జనం తోసుకుంటూ పరుగులు పెడతారు. మోకాళ్ళు బాగోలేనివాళ్ళు మొత్తం తిరగడం నేను ఒప్పుకోను. మొదటి నాలుగైదు దగ్గర దగ్గరగానే ఉంటాయి. అవి చేయించి, ఒక చోట కూర్చోబెట్టి, ఇంట్లో ఒకళ్ళు మిగతావి పూర్తి చేయండి. మా అమ్మకి అలాగే చేశాం. ఆవిడ ముందు కాస్త బాధపడింది, తర్వాత "నా కాళ్ళు దేవుడికి తెలుసు" అని ఊరుకుంది.

స్నానమయ్యాక తడిబట్టలతో గర్భగుడి వైపు రానివ్వరు. పొడి బట్టల సంచి ఒకరి దగ్గర ఉంచండి. సెల్‌ఫోన్లు లోపలికి రానివ్వరు, గదిలోనే పెట్టేయండి. విడిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి, నంది దగ్గర అనుకుంటే అందరికీ గుర్తుంటుంది. తెల్లవారుజామున అయిదింటికి స్ఫటికలింగ దర్శనం. అది చూడాలంటే ఆ రోజు తీర్థాలు దాని తర్వాత పెట్టుకోండి.

తర్పణానికి అమావాస్య రోజే కావాలని లేకపోతే ఆ తిథి తప్పించండి. అమావాస్య నాడు అగ్నితీర్థం దగ్గర నిలబడే చోటుండదు. ఒడ్డున చాలామంది వచ్చి చుట్టుముడతారు, వాళ్ళతో బేరాలు పెట్టుకోకండి. తెలుగువాళ్ళ సత్రాల్లో అడిగితే మన పద్ధతిలో చేయించే పురోహితుణ్ణి చూపిస్తారు. సంభావన ఎంతో ముందు రోజే మాట్లాడుకోండి.

ఒక చిన్న డబ్బా తీసుకెళ్ళండి. సేతువు దగ్గర ఇసుక తెచ్చుకుని, ఎప్పుడైనా కాశీ వెళ్ళినప్పుడు ప్రయాగలో కలుపుతారు. అక్కణ్ణించి గంగ తెచ్చి మళ్ళీ రామేశ్వరంలో అభిషేకం చేస్తారు. అప్పటికి కాశీయాత్ర పూర్తయినట్టు. మీ అత్తగారికి ఇది తెలిసే ఉంటుంది.

వరంగల్ బుల్లెట్ | ఏప్రిల్ 4, రాత్రి 9:00

చెన్నై అన్నా, నువ్వు చెప్పింది సమజైంది. మేం పోయిన టైమే తప్పు. అక్కా, పొద్దున పోయేటట్టయితే ధనుష్కోటి మాత్రం ఇడిచిపెట్టకుండ్రి. ఆ కొస, అరిచల్ మునై దాకా మంచి రోడ్డుంది, 2017ల తెరిచిండ్రు. రెండు దిక్కుల సముద్రం, మధ్యల సక్కగ ఒక రోడ్డు. అట్ల బండి నడిపిన అనుభవం నాకు ఇంకెక్కడ రాలే.

చెన్నై తెలుగు | ఏప్రిల్ 4, రాత్రి 10:20

ధనుష్కోటి గురించి రెండు జాగ్రత్తలు. సాయంత్రం చీకటి పడకముందే అందరినీ వెనక్కి పంపేస్తారు, కాబట్టి సూర్యాస్తమయం అక్కడ చూడాలని ప్లాన్ వేసుకోకండి. పొద్దున్నే దారి తెరవగానే వెళ్ళండి. రెండోది, ఆ చివర, అంటే అరిచల్ మునై దగ్గర నీళ్ళలోకి దిగనివ్వకండి. ఒడ్డునుంచి చూస్తే మోకాలి లోతే అనిపిస్తుంది. రెండు సముద్రాలు కలిసేచోట లోపలి లాగుడు ఎటుంటుందో తెలియదు. పాపను చెయ్యి పట్టుకునే నడిపించండి.

మరి పాప ఎక్కడ ఆడుకోవాలి? అక్కడి జాలర్లు ఉత్తరాన ఉన్న పాక్ జలసంధి వైపు సముద్రాన్ని ఆడ సముద్రం అని, దక్షిణాన మన్నార్ సింధుశాఖ వైపు దాన్ని మగ సముద్రం అని పిలుస్తారు. వేసవిలో గాలి నైరుతి నుంచి వస్తుంది కాబట్టి దక్షిణం వైపు అలలు లేస్తాయి, ఉత్తరం వైపు చెరువులా పడి ఉంటుంది. చలికాలంలో ఇది తిరగబడుతుంది. మేలో వెళ్తున్నారు గనుక పిల్లల్ని ఉత్తరపు ఒడ్డుకే తీసుకెళ్ళండి. గుడికి దగ్గర్లోనే సంగుమాల్ ఉంది. అగ్నితీర్థం దగ్గర అలలు లేకపోయినా అంతమంది స్నానాలు, విడిచిన బట్టలు. పిల్లలు ఆడుకునే చోటు కాదది.

తంగచ్చిమడం దగ్గర విల్లూండి తీర్థం కూడా చూపించండి. సముద్రంలోకి చిన్న వంతెన మీద నడిచి వెళితే ఒక బావి. చుట్టూ ఉప్పునీళ్ళు, బావిలో మంచినీళ్ళు. సీతమ్మకు దాహమైతే రాముడు విల్లు గుచ్చి తెప్పించాడంటారు. మా పాప ఆ నీళ్ళు తాగి, సముద్రంలో వేలు ముంచి నాకి, మళ్ళీ బావి నీళ్ళు తాగి, అరగంట అక్కణ్ణుంచి కదల్లేదు.

ఒంటరి బాటసారి | ఏప్రిల్ 5, ఉదయం 7:45

మీ తోడికోడలు దంపతుల కోసం రాస్తున్నాను. నేను హైదరాబాద్ నుంచి ఒక్కదాన్నే వెళ్ళి నాలుగు రాత్రులు ఉన్నాను. గుడి చుట్టుపక్కలే గది తీసుకున్నాను, భయం అనిపించలేదు. తెల్లవారుజామునే కోలాహలం మొదలైపోతుంది. నిశ్శబ్దం కావాలనుకునేవాళ్ళకు గుడి వీధుల్లో గది సరిపడదు. పాంబన్ వైపుగానీ, ధనుష్కోటి దారిలోగానీ సముద్రం ఒడ్డున చిన్న బసలున్నాయి, అక్కడ తీసుకుంటే మంచిది.

ధనుష్కోటికి గుడి దగ్గర్నుంచి టౌన్ బస్సు దొరుకుతుంది, నేను అందులోనే వెళ్ళాను. వెళ్ళేటప్పుడు ఒక ఆటో అతను బస్సులు లేవని చెప్పి చాలా ఎక్కువ అడిగాడు. రెండు నిమిషాలకే బస్సు వచ్చింది. ఎవరు ఏం చెప్పినా బస్టాపులో నిలబడి చూడండి.

శిథిలాల దగ్గర నాకు ఎక్కువసేపు గడిచింది. పైకప్పు లేని చర్చి, స్టేషను గోడలు, నీళ్ళ ట్యాంకు. చర్చి గోడలు పగడపు రాళ్ళతో కట్టినవి. చెయ్యి పెట్టి చూస్తే రాయిలో తేనెపట్టులా సన్నటి గదులు. పక్కన ఒక జాలరి అమ్మ ఇసుకలో చెయ్యంత లోతు గుంటలోంచి కొబ్బరిచిప్పతో నీళ్ళు తోడి బిందె నింపుతోంది. సముద్రానికి ఇరవై అడుగుల దూరంలో. నాకూ ఒక చిప్పెడు ఇచ్చింది. మంచినీళ్ళే.

గుంతకల్లు గార్డు | ఏప్రిల్ 5, ఉదయం 9:30

ఆ స్టేషను పేరెత్తారు కాబట్టి రాస్తున్నాను. ఒకప్పుడు మద్రాసులో బోట్ మెయిల్ ఎక్కినవాళ్ళు ధనుష్కోటి రేవులో దిగి, స్టీమరెక్కి తలైమన్నారు చేరి, అక్కడ మళ్ళీ రైలెక్కి కొలంబో వెళ్ళేవారు. 1964 డిసెంబరు 22 అర్ధరాత్రికి ముందు పాంబన్ నుంచి బయల్దేరిన 653 నంబరు ప్యాసింజరు ధనుష్కోటి చేరలేదు. సిగ్నల్ పడక కాసేపు ఆగిందట, తర్వాత చీకట్లోనే ముందుకు కదిలిందట. ఉప్పెన మొత్తం బండిని తీసుకుపోయింది. ప్రయాణికులతో పాటు బండి సిబ్బంది అయిదుగురూ పోయారు. నేను గార్డుగా చేసినన్నాళ్ళూ వానరాత్రి సిగ్నల్ కోసం ఆగినప్పుడల్లా ఆ బండి గుర్తొచ్చేది. ఆ గోడల ముందు ఫోటోలు దిగండి, తప్పులేదు. పిల్లలకు ఆ సంగతి కూడా చెప్పండి.

బురుజు దగ్గర | ఏప్రిల్ 5, మధ్యాహ్నం 12:10

కర్నూలు నుంచి. నేను మావాళ్ళతో ఏర్వాడి దర్గాకు పోతా పోతా రామేశ్వరంలో దిగినా. కలాం గారిల్లు మసీదు వీధిలో, గుడికి నడిచే దూరమే. పైన ఆయన వస్తువులు పెట్టినారు. ఊరికి కాస్త ముందు పేయ్‌కరుంబు దగ్గర ఆయన సమాధి, స్మారకం ఉన్నాయి. మీ పెద్దబ్బాయిని తప్పక తీసకపోండి. చిన్నప్పుడు యుద్ధం రోజుల్లో రైలు రామేశ్వరంలో ఆగకుండా పోతా ఉంటే, విసిరేసిన పేపరు కట్టలు ఏరి పంచినోడాయన. తర్వాత మన హైదరాబాద్‌లో క్షిపణుల ప్రయోగశాల నడిపినాడు. మా నాయన ఆ మెట్ల మీద కూచోని చానాసేపు లేయలేదు.

కాకినాడ కుర్రాడు | ఏప్రిల్ 5, మధ్యాహ్నం 1:00

చేపల సంగతి ఎవరూ చెప్పలేదండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా వేట నిషేధం, మా కాకినాడలో ఉన్నట్టే అక్కడా ఉంటుంది. మరబోట్లు కదలవు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి అది మంచిదే. నాటు పడవలు వెళతాయి, అవి తెచ్చిన చిన్న చేపలు దొరుకుతాయి. ధనుష్కోటి గుడిసెల దగ్గర వేయించి ఇస్తారు. పెద్ద చేపల మీద ఆశ పెట్టుకోవద్దని మీవారికి చెప్పండి.

దానికి బదులు తాటిముంజలు తినండి. ఆ జిల్లా అంతా తాళ్ళే. మేలో రోడ్డు పక్కన లేత ముంజలు తాటాకు దొన్నెలో పోసిస్తారు. తాటిబెల్లం కూడా కొనుక్కోండి.

చెన్నై తెలుగు | ఏప్రిల్ 5, రాత్రి 8:40

పిల్లల కోసం ఇంకొకటి. వంతెనకు ఇవతల మండపంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్ళ ప్రాంతీయ కేంద్రం ఉంది. చేపల మ్యూజియం చూడొచ్చు. కురుసడై దీవికి అటవీశాఖ పడవలున్నాయి, గాలి ఎక్కువుంటే ఆపేస్తారు. ఆ పడవలు బయల్దేరే కుందుకాల్ దగ్గరే వివేకానందుడు చికాగో నుంచి తిరిగొచ్చి 1897లో దిగిన చోటుంది. పడవ ఆగిపోయినా అక్కడిదాకా వెళ్ళింది వృథా కాదు.

ఫ్లెమింగోలు చూడాలని ఎవరైనా అంటే మాత్రం మేలో ఆశలు పెట్టకండి, అవి చలికాలపు చుట్టాలు.

బందరు కోడలు | మే 11, సాయంత్రం 6:00

అందరికీ ఆలస్యంగా జవాబిస్తున్నాను. నిన్న పొద్దున్నే ఇంటికి చేరాం. మదురైలో ఒక రాత్రి, రామేశ్వరంలో మూడు రాత్రులు.

మదురై బండిలో మావాడు గార్డుగారి పోస్టు ప్రింటు తీసి పట్టుకుని కూర్చున్నాడు. వంతెన మీదికి రాగానే బోగీ అంతా ఒక్కసారి లేచి కిటికీలకు అతుక్కుపోయింది. వాడొక్కడే కూర్చుని అవతల పాత వంతెన స్తంభాలు లెక్కపెడుతున్నాడు. వంతెన లేవడం చూడలేదు. ఆఖరి రోజు పాంబన్ రేవులో గంటన్నర కూర్చున్నాం, పడవ రాలేదు. వాడు అలగలేదు, ముందే చెప్పి ఉంచాం కదా.

గదులు రెండుచోట్ల తీసుకున్నాం. మేం గుడి దగ్గర, మరిదివాళ్ళు పాంబన్ వైపు. మొదట అత్తయ్యగారు "ఒక్క ఊరికొచ్చి రెండు ఇళ్ళా" అన్నారు గానీ రెండో రోజుకు సర్దుకుంది. మరిదివాళ్ళు పొద్దున ఒడ్డున నడిచి, మధ్యాహ్నం భోజనానికి మా దగ్గరకొచ్చేవాళ్ళు. గుడి దగ్గర బసలో కుళాయి నీళ్ళు ఉప్పగా ఉన్నాయి, సబ్బు నురగే రాలేదు. వెళ్ళేవాళ్ళు తాగడానికే కాదు, పిల్లల తల స్నానానికి కూడా ఒక క్యాను మంచినీళ్ళు కొనుక్కోండి.

తర్పణం రెండో రోజు పొద్దున ఆరింటికి. కోనసీమ గారు చెప్పినట్టు సత్రంలో అడిగి ముందు రోజే మాట్లాడుకున్నాం. మావారు పిండాలు నీళ్ళలో వదిలి వచ్చేదాకా అత్తయ్యగారు ఒడ్డున కుర్చీలో కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. వచ్చాక మాత్రం ఆయన తల తుడిచారు, చిన్నపిల్లాడికి తుడిచినట్టు.

తీర్థాలు అదే రోజు. మహాలక్ష్మి, సావిత్రి, గాయత్రి, సరస్వతి. నాలుగోదాని దగ్గర గట్టు మీదున్న మనిషి ఆవిడ కాళ్ళు చూసి, పైనుంచి గుమ్మరించకుండా కిందికి వంగి భుజం మీద నెమ్మదిగా పోశాడు. అక్కడితో ఆపేశాం. నేను ఆవిడ దగ్గర స్తంభానికి ఆనుకుని కూర్చున్నాను. ఆ ప్రాకారంలో స్తంభాలు చూస్తుంటే ఎక్కడ ఆగిపోతాయో తెలియలేదు, ఎండ లోపలికి రానే రాదు, నేల చల్లగా ఉంది. నేను మొదటి పోస్టులో అడిగిన ఒక్క పూట నాకు అక్కడ దొరికింది. దాదాపు గంటసేపు, ఇద్దరం అలా కూర్చున్నాం.

మావారు, పిల్లలు మిగతావి తిరిగొచ్చారు. పెద్దాడు కోటితీర్థం దగ్గర్నుంచి నీళ్ళు కారుతూ పరిగెత్తుకొచ్చి, అలాగే నాయనమ్మని గట్టిగా కౌగిలించుకున్నాడు. "మొత్తం ఇరవైరెండూ నా బట్టల్లో ఉన్నాయి నాయనమ్మా, నీకూ అయిపోయాయి" అన్నాడు. ఆవిడ పొడిచీర మళ్ళీ తడిసిపోయింది. ఇంకో చీర కోసం మావారిని గదికి పంపాల్సి వచ్చింది.

ధనుష్కోటికి మూడో రోజు, దారి తెరవగానే వెళ్ళాం. తొమ్మిదికల్లా తిరిగొచ్చేశాం. వరంగల్ తమ్ముడూ, తొమ్మిదికే ఇసుక వేడెక్కింది, నువ్వు చెప్పింది పొల్లు పోలేదు. పాప సంగుమాల్ దగ్గర రెండు సాయంత్రాలు నీళ్ళలోంచి రానని పట్టుబట్టింది. మావారికి చేపలు చిన్నవే దొరికాయి, ముంజలు మాత్రం రోజుకు రెండుసార్లు.

ఒంటరి బాటసారి | మే 11, రాత్రి 8:15

చదువుతుంటే కళ్ళు చెమ్మగిల్లాయి అక్కా. జూన్‌లో మా అమ్మని తీసుకెళ్దామనుకుంటున్నాను, ఆవిడకీ మోకాళ్ళే. మడత కుర్చీ ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళారా, అక్కడ దొరికిందా?

బందరు కోడలు | మే 11, రాత్రి 9:05

ఇక్కణ్ణుంచే తీసుకెళ్ళాం చెల్లీ, బరువు లేని అల్యూమినియం కుర్చీ. ఒడ్డున, స్టేషన్లో, విల్లూండి దగ్గర, అన్నిచోట్లా పనికొచ్చింది. కాళ్ళకు రబ్బరు బుడిపెలు ఉన్నది చూసుకో, లేకపోతే తడిరాయి మీద జారుతుంది. జూన్‌లో అయితే గాలి ఎక్కువంటున్నారు, అమ్మగారికి తలకు కట్టుకునే బట్ట పెట్టు.

ఇంకా, కోనసీమ గారికి. ఇసుక తెచ్చాం. పాప తన నీళ్ళ సీసా ఖాళీ చేసి అందులో నింపింది. ఇప్పుడది దేవుడి గూట్లో ఉంది, మీద నాలుగు కుందేళ్ళ బొమ్మలతో. వేరే డబ్బాలోకి మారుస్తానంటే అత్తయ్యగారు వద్దన్నారు. ప్రయాగకు అలాగే తీసుకెళ్ళాలట.